డాలియాకు మన పెరట్లో చోటుందా?

మరదలు: వదినా, మీ మాట ఒకటి ఒప్పుకునే మొదలుపెడతాను. డాలియా సులువైన మొక్క కాదు. బంతి గింజలు చల్లి వదిలేసినట్టు దీన్ని వదిలేయలేం. అయినా మన ఇళ్లలో దానికో చోటుండాలంటాను. చలికాలంలో మన డాబాల మీద బంతీ చేమంతీ నిండుగా పూస్తాయి, కాదనను. కానీ ఆ రెండింటిలో లేని రంగులూ రూపాలూ డాలియాలో ఉన్నాయి. రెండంగుళాలు దాటని గుండ్రటి పూలు పూసే రకాలున్నాయి, అడుగుకు దగ్గరగా విప్పారేవీ ఉన్నాయి. రేకులు వెడల్పుగా పరుచుకునేవి, సన్నటి గొట్టాల్లా చుట్టుకునేవి, ఒకే వరస రేకులతో మధ్యలో పసుపు దిద్దు కనిపించేవి. అచ్చమైన నీలం ఒక్కటే లేదు. ఒకే మొక్కలో ఇంత వైవిధ్యం ఉన్నప్పుడు, కాస్త శ్రమకు భయపడి దూరం పెట్టడం నాకు నచ్చదు.

వదిన: నేను భయపడేది శ్రమకు కాదమ్మా. నా అభ్యంతరం పువ్వు మీద కాదు, చోటు మీద. డాలియా పుట్టింది మెక్సికోలోనూ, దానికి దక్షిణాన ఉన్న మధ్య అమెరికాలోనూ, ఎక్కువగా కొండ ప్రాంతాల్లో. మెక్సికో నగరమే సముద్రమట్టానికి సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉంది. మన ఊటీ ఎత్తూ దాదాపు అంతే. ఊటీలో డాలియా అంత హాయిగా పూస్తుందంటే అందులో వింతేముంది? ఆ కొండల మీద వానలు వేసవిలో పడతాయి, చలికాలం పొడిగా గడుస్తుంది. ఆ పొడి నెలలు దాటడానికే ఈ మొక్క దుంపలో తిండి దాచుకుంటుంది. అంటే ఆ దుంపకు అలవాటైంది చల్లటి కరువు. మన దగ్గర నీళ్లకు కరువొచ్చేది 40 డిగ్రీలు దాటే ఏప్రిల్, మే నెలల్లో. ఆ వేడికి ఈ దుంప తయారై రాలేదు.

మరదలు: అందుకే మన మైదానాల్లో దాని ఏడాదిని మనం తిప్పుకుంటాం. కొండ ఊళ్లలో ఏప్రిల్‌లో నాటి వేసవి, వానాకాలం పూయించుకుంటారు. మనం వానలు వెనకపట్టాక, సెప్టెంబరు చివర్లోనో అక్టోబరులోనో నాటుతాం. బతుకమ్మ ఆడే రోజులే డాలియా నాటే రోజులు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పూస్తుంది, చలి నిలిస్తే మార్చి మొదటి వారాల దాకా సాగుతుంది. హైదరాబాదులో డిసెంబరు రాత్రులు సాధారణంగా 14, 15 డిగ్రీలకు దిగుతాయి, పగలు ఎండ నిలకడగా కాస్తుంది. ఆరు గంటల ఎండ, చల్లటి రాత్రి, నీరు నిలవని మట్టి. ఈ మూడూ ఉంటే దానికి కొండ అక్కర్లేదు.

వదిన: హైదరాబాదు సంగతి నువ్వు చెప్పావు, గోదావరి పక్కన మా సంగతి నేను చెబుతాను. మాకు జనవరిలో కూడా రాత్రి చాలాసార్లు 18, 19 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. గాలిలో తేమ ఎక్కువ. అక్టోబరు, నవంబరుల్లో వాయుగుండం వస్తే మూడు నాలుగు రోజులు ముసురు వదలదు. అప్పుడే నాటిన దుంప ఆ తడిలో కుళ్లుతుంది. నల్లరేగడి నేలైతే ఇక చెప్పనే అక్కర్లేదు. తెలుగు నేలంతా ఒకటే అన్నట్టు డాలియా పెంచమని చెప్పడం తప్పని నేనంటాను.

మరదలు: ఆ మాట ఒప్పుకుంటాను. కోస్తాలో నేలలో నాటమని నేనూ చెప్పను. అక్కడ కుండీయే దారి. పదీ పన్నెండు అంగుళాల కుండీ, అడుగున చిల్లులు బాగా ఉండాలి. ఎర్రమట్టిలో మాగిన పశువుల ఎరువు, ఇసుక, గుప్పెడు వేపపిండి, కాస్త ఎముకల పొడి కలిపితే సరిపోతుంది. ముసురు పట్టినప్పుడు కుండీని చూరు కిందికి లాక్కోవచ్చు. ఎక్కువ దుంపలు వానకు కుళ్లవు వదినా, మన చేతి నీళ్లకే కుళ్లుతాయి. దుంప నాటగానే చెంబుతో నీళ్లు కుమ్మరిస్తారు. మొలక పైకి వచ్చేదాకా దానికి మట్టిలో ఉన్న చెమ్మే చాలు. ఆకులు లేని దుంప ఆ నీళ్లను ఏం చేసుకుంటుంది?

వదిన: ఇంకొకటి కూడా చెప్పు. బజారులో కొన్న దుంపలన్నీ మొలవవు. డాలియా బంగాళాదుంపలాంటిది కాదు. దీనికి దుంప ఒంటి మీద ఎక్కడా కన్ను ఉండదు. కాండం దుంపను కలిసే మెడ దగ్గరే ఉంటుంది. ఆ మెడ విరిగినా, దాని మీద కన్ను లేకపోయినా దుంప ఎంత లావుగా ఉన్నా ఉపయోగం లేదు. మట్టిలో వేర్లు వేస్తుందేమో గానీ మొక్క కాదు. ఆ సంగతి చెప్పకుండా సంచుల్లో అమ్మేవాళ్లున్నారు. కొన్నవాళ్లు తమ చేతిలోనే లోపముందనుకుని తోట మానేస్తారు.

మరదలు: నిజమే. కొత్తవాళ్లు దుంప కాకుండా వేళ్లు పట్టిన కటింగ్‌తో మొదలుపెట్టడం మంచిదని అందుకే అంటాను. ఆగస్టు, సెప్టెంబరుల్లో పాత దుంప చిగురు వేస్తుంది. ఆ చిగురు మూడు నాలుగంగుళాలయ్యాక కణుపు కింద కోసి ఇసుకలో గుచ్చితే రెండు మూడు వారాల్లో వేళ్లొస్తాయి. ఒక్క దుంప నుంచి ఇంటికీ పక్కింటికీ సరిపడా మొక్కలు వస్తాయి. కటింగ్‌తో పెరిగిన మొక్క కూడా సీజను ముగిసేసరికి తన దుంప తాను చేసుకుంటుంది.

వదిన: చేసుకుంటుంది సరే. దాన్ని ఆగస్టు దాకా బతికించేదెవరు? చలికాలం నాలుగు నెలల ముచ్చట మీద మన మధ్య గొడవే లేదు. గొడవంతా మిగతా ఎనిమిది నెలల మీద. జనవరిలో నర్సరీకి వెళ్లి విరబూసిన కుండీ కొంటారు. ఏప్రిల్‌లో ఆకులు మాడగానే చచ్చిపోయిందని కుండీ బోర్లిస్తారు. చాలాసార్లు ఆ మట్టిలో దుంప ఇంకా బతికే ఉంటుంది. మళ్లీ జనవరికి మళ్లీ కొనడం. దీన్ని మొక్కలు పెంచడమంటావా? నేనైతే పూలు అద్దెకు తెచ్చుకోవడమంటాను.

మరదలు: అది డాలియా తప్పు కాదు, మనకు చెప్పేవాళ్లు లేకపోవడం. పూత తగ్గిన కొద్దీ నీళ్లు తగ్గించాలి. ఆకులు పసుపు తిరిగి ఎండాక కాండాన్ని నాలుగైదు అంగుళాలు ఉంచి కోయాలి. దుంపల గుత్తి విరగకుండా తవ్వి, నీడలో ఆరబెట్టి, పొడి ఇసుకలోనో కొబ్బరిపొట్టులోనో కప్పి, ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే మూల పెట్టాలి. నెలకోసారి తీసి చూసి, మెత్తబడినదాన్ని పారేయాలి. మరీ ముడుచుకుపోతుంటే కొద్దిగా నీళ్లు చిలకరించాలి. తవ్వడం ఇష్టం లేకపోతే కుండీతో సహా నీడకు చేర్చి నీళ్లు మానేయవచ్చు. ఇందులో కష్టమేముంది? మరిచిపోకుండా ఉండటమొక్కటే.

వదిన: నువ్వు చెప్పినవన్నీ చేసినా అన్ని దుంపలూ నిలవవు. ఇంట్లో అన్నిటికంటే చల్లటి మూల అంటావు. మే నెలలో రెండు గదుల ఇంట్లో, పై అంతస్తు స్లాబు కింద ఆ మూల ఎక్కడుంటుంది? చల్లని దేశాల వాళ్లు మంచుకు భయపడి దుంపలు తవ్వి నేలమాళిగలో దాస్తారు. వాళ్లకు చల్లదనం ఊరికే దొరుకుతుంది. మనకు వేడి నుంచి దాచాలి, చల్లదనం కొనుక్కోవాలి.

మరదలు: అందరికీ ఆ మూల ఉండదన్నది ఒప్పుకుంటాను. సగం దుంపలు పోవచ్చు కూడా. కానీ వేసవి లెక్క తీస్తే మీ చేమంతి సంగతేమిటి? వచ్చే ఏడు పిలకలు కావాలంటే తల్లిమొక్కను ఎండల్లో బతికించాలి. నీడ కట్టాలి, రోజూ నీళ్లు పోయాలి. బోరు ఎండి ట్యాంకరు కోసం ఎదురుచూసే కాలనీల్లో ఆ నీళ్లు ఎక్కడివి? డాలియా ఆ నెలల్లో నిద్రపోతుంది. దానికి రోజూ నీళ్లక్కర్లేదు. నీళ్ల కరువున్న నగరానికి వేసవిలో నిద్రపోయే మొక్క పనికిరాదంటారా?

వదిన: మంచి మాట అన్నావు. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒక్క తేడా మాత్రం చెబుతాను. చేమంతి తల్లిమొక్క నీళ్లు తక్కువైతే వాడి చూపిస్తుంది. అప్పుడైనా ఆదుకోవచ్చు. దుంప పోతుంటే మాత్రం తెలియదు. పైకి బాగానే ఉంటుంది, లోపల బూజు పడుతుంది. ఆగస్టులో తీస్తే ఒట్టి తొక్క. బంతి గింజలు చీటీలో కట్టి పెడితే ఏ వేసవైనా దాటతాయి. ఆ నమ్మకం దీనితో లేదు.

మరదలు: మాటల్లో మాట బంతి గురించి. ఇది పరదేశపు పువ్వు, మనది కాదు అనేవాళ్లున్నారు. మీరనలేదు గానీ, ఆ మాట ఎక్కడో మీ వాదన వెనక ఉందనిపిస్తుంది. ముద్దబంతి కూడా మెక్సికో నుంచి వచ్చిందే. బంతీ డాలియా ఒకే కుటుంబం, పొద్దుతిరుగుడుకూ చేమంతికీ కూడా చుట్టాలే. ఈరోజు బంతిపూలు లేని గొబ్బెమ్మ ఉందా, బంతితోరణం లేని దసరా గుమ్మం ఉందా?

వదిన: పరదేశం మాట నేనెప్పుడూ అనను. మిరపకాయ కూడా అటునుంచి వచ్చిందే, అది లేనిదే మనకు ముద్ద దిగదు. వచ్చిన మొక్క ఇక్కడ ఏం చేసిందన్నదే నా లెక్క. బంతి మన ఎండకు అలవాటు పడింది, గింజ మన చేతికిచ్చింది, ఏ ఊళ్లో ఏ పేదింటి వాకిట్లో వేసినా పూసింది. డాలియా ఆ పని చేయలేదు. దాని గింజ వేస్తే తల్లిలాంటి పువ్వు రాదు. తోటల్లోని డాలియాలో క్రోమోజోములు ఎనిమిది జతల వరసలుగా ఉంటాయట. అందుకే ప్రతి గింజా కొత్త కలగలుపు. నచ్చిన రంగు మళ్లీ కావాలంటే దుంపో కటింగో తప్ప దారి లేదు. అవి నీ దగ్గర పోతే మళ్లీ కొట్టుకే పోవాలి.

మరదలు: చిన్న సవరణ. ఎనిమిది జతలు కాదు, ఎనిమిది వరసలు. మనుషులకు రెండే. మీరు లోపమన్నదే నాకు దీనిలోని గొప్ప. ఇన్ని రూపాలు వచ్చింది ఆ కలగలుపు వల్లే. 1789లో మెక్సికో నుంచి మాడ్రిడ్‌లోని రాజోద్యానానికి గింజలొచ్చాయి. అక్కడి వృక్షశాస్త్రవేత్త కావనిల్లెస్ 1791లో, స్వీడన్ శాస్త్రజ్ఞుడు అండర్స్ డాల్ పేరు మీద ఈ మొక్కకు పేరు పెట్టాడు. అప్పటి పూలు ఇప్పటివాటంత నిండైనవి కావు. ఆ కొద్ది గింజల నుంచి, తర్వాత వచ్చినవాటి నుంచి తోటమాలులు ఇన్ని వేల రకాలు తీశారు. గింజలు వేసి చూడండి. మూడు నెలల్లో పూస్తాయి, ఏ పువ్వు వస్తుందో ముందుగా ఎవరికీ తెలియదు. ఏ కొట్లోనూ లేని పువ్వు మీ కుండీలో పూస్తుంది. అందుకు డబ్బు కూడా పెద్దగా అక్కర్లేదు.

వదిన: గింజలతో వచ్చే ఒంటివరస డాలియా అంటే నాకూ ఇష్టమే. మధ్యలో దిద్దు తెరిచి ఉంటుంది, తేనెటీగలు వచ్చి వాలతాయి. నా అసలు పేచీ పోటీ పువ్వుతో. మొక్క గుత్తికి మూడు మొగ్గలు వేస్తే పక్క రెండూ గిల్లేస్తారు. కింద వచ్చే పిలకలూ తీసేస్తారు. మొక్క బలమంతా ఒక్క పువ్వుకు పోయేలా చేస్తారు. ఆ పువ్వులో రేకులు ఎంత కిక్కిరిసి ఉంటాయంటే తేనెటీగకు మధ్యకు దారే ఉండదు. ఊతకర్ర లేకపోతే నిలబడలేదు. అది మొక్కకు పనికొచ్చేది కాదు, తేనెటీగకు పనికొచ్చేది కాదు. చూసేవాళ్ల గొప్ప కోసం.

మరదలు: తేనెటీగ విషయంలో మీదే నిజం. ముద్ద పువ్వు దానికి ఆకలి తీర్చదు. కానీ గొప్ప కోసమే అంటే ఒప్పుకోను. పక్క మొగ్గలు గిల్లేవాళ్లు రోజూ ఉదయం ఒక్కో కొమ్మను ముట్టుకుని చూస్తారు. ఏ మొగ్గ గట్టిగా ఉంది, ఏది మెత్తగా ఉంది, ఏ ఆకు వెనక నల్లి చేరింది అని. మూడు నాలుగు జతల ఆకులు వచ్చాక నడి చిగురు తుంచడం, నాటిన రోజే దుంపకు తగలకుండా ఊతకర్ర దింపడం, మొగ్గ తొడిగాక నత్రజని తగ్గించి పొటాష్ పెంచడం. ఇవన్నీ చేతికి రావాలంటే మొక్క మీద రోజూ చూపుండాలి. ఈ అలవాటు మీ చేమంతికీ పనికొస్తుంది. పెద్ద చేమంతి పూయించేవాళ్లు చేసేదీ ఇదే కదా? మల్లెకు ఆకు దూయరా, గులాబీకి కొమ్మలు కత్తిరించరా?

వదిన: కత్తిరిస్తాం, ఇంకా ఎక్కువ పూలు రావాలని. నువ్వు గిల్లేది తక్కువ పూలు రావాలని. ఆ తేడా చిన్నది కాదు. ఇక మందుల సంగతి. తామర పురుగు చేరితే రేకుల అంచులు మాడతాయి. ఫిబ్రవరిలో ఎండ ముదిరితే ఎర్రనల్లి ఆకులను పాలిపోయేలా చేస్తుంది. తేమగా ఉంటే బూడిద తెగులు. పేనుబంక ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు వైరస్ మోస్తుంది, వైరస్ వచ్చిన మొక్కకు మందు లేదు, పీకి తగలబెట్టాల్సిందే. పువ్వు మీద ఒక్క మచ్చ కూడా ఉండకూడదనుకున్నవాళ్లు మందు కొట్టకుండా ఆగలేరు. ఆ కుండీ పక్కనే కరివేపాకు, టమాటా, పుదీనా ఉంటాయి. వంటకు కోసే ఆకు మీద ఆ మందు పడదా?

మరదలు: పడుతుంది. అందుకే మిద్దెతోటలో రసాయన మందు కొట్టి పోటీ పువ్వు పూయించవద్దని నేనూ అంటాను. అక్కడ మీ పక్షమే. ఆకుల వెనక గట్టిగా నీళ్లు చిమ్మితే నల్లి చాలావరకు పోతుంది, వేపనూనె మిగతాది చూసుకుంటుంది. మొక్కలను ఒత్తుగా పెట్టకుండా గాలి ఆడనిస్తే బూడిద తెగులు తగ్గుతుంది. రేకు మీద మచ్చ ఉన్న పువ్వును పువ్వుగా చూడటం నేర్చుకుంటే మందు అవసరమే రాదు.

వదిన: అంటే పోటీ పువ్వును నువ్వే వదిలేసుకున్నావు. ఇక మిగిలిన దాని గురించి అడుగుతాను. ఆ పువ్వును ఏం చేస్తావు? వాసన దాదాపు లేదు. జడలో పెడితే పూటలో వాడుతుంది. దండకు గుచ్చితే రేకులు నలుగుతాయి. బతుకమ్మకు పనికొస్తుందా అంటే అప్పటికి అది ఇంకా మొలకే. మా వాకిట్లో చేమంతి దేవుడికి పోతుంది, జడలోకి పోతుంది, తాంబూలంతో పక్కింటికి పోతుంది. కనకాంబరం మూర మాలై ఊరంతా తిరుగుతుంది. డాలియా కుండీలోనే పూసి కుండీలోనే ఎండిపోతుంది. పువ్వు ఇంటి నుంచి ఇంటికి తిరగాలంటాను నేను.

మరదలు: ఇంతసేపూ మీరన్న మాటల్లో ఇదే బలమైనది. కానీ పువ్వుకు ఏదో ఒక పని ఉండి తీరాలన్న నియమానికి నేను లొంగలేను వదినా. చూడటం కూడా పనే. ఇంట్లో ఆడవాళ్లు పూసిన ప్రతి పువ్వునూ ఎవరికో ఒకరికి అందించేదాకా ఊరుకోరు. ఎవరి కోసమూ కోయనక్కర్లేని పువ్వు ఒకటి ఇంట్లో ఉంటే, దాని ముందు ఊరికే నిలబడటానికి మనకు వీలు దొరుకుతుంది. కోయాలనుకుంటే తెల్లవారగానే కోసి నీళ్లలో పెట్టండి, నాలుగు రోజులుంటుంది. ఇంటి నుంచి ఇంటికి తిరగడం అంటారా, పువ్వు తిరగకపోవచ్చు, దుంప తిరుగుతుంది. ఒక గుత్తిని మెడకో కన్ను ఉండేలా విడదీస్తే నాలుగిళ్లకు వస్తుంది.

వదిన: ఆ నాలుగిళ్లలోనూ దుంప మేలో పోతే?

మరదలు: నా గట్టి ఉదాహరణ ఇప్పటిదాకా దాచాను. కలకత్తా. కొండ కాదు, సముద్రమట్టానికి కాస్తే ఎత్తు. వేసవిలో ఉక్క మీ రాజమండ్రికి తీసిపోదు. అయినా అక్కడ చలికాలం వస్తే మేడల మీద డాలియా కుండీలు వరసగా కనిపిస్తాయి. విలియం కేరీ 1820లో పెట్టిన వ్యవసాయ ఉద్యాన సంఘం ఇప్పటికీ పూల ప్రదర్శనలు పెడుతుంది. బెంగాల్లో తీసిన రకాలు దేశమంతా పాకాయి. వాతావరణమే అడ్డమైతే అక్కడ ఎలా సాధ్యమైంది?

వదిన: అక్కడ జనవరి రాత్రులు మాకంటే చల్లగా ఉంటాయి, మీ హైదరాబాదుకు దగ్గరగా. అదొక జవాబు. రెండోది అసలు జవాబు. అక్కడ డాలియా ఒంటరి కుండీలో లేదు. దుంపలు కాచేవాళ్లు, సెప్టెంబరులో కటింగులు కట్టేవాళ్లు, ఏ రకం ఎవరి దగ్గరుందో తెలిసినవాళ్లు ఉన్నారు. ఒకరింట్లో దుంప పోతే ఇంకొకరింట్లో ఉంటుంది. మొక్కను నిలబెట్టింది చలి మాత్రమే కాదు, ఆ మనుషులు.

మరదలు: మరి మీరే చెప్పారు! లోటు వాతావరణంలో కాదు, అలవాటులో అని. కడియం పరిసరాల్లో ఇన్ని నర్సరీలున్నాయి. అక్కడివాళ్ల చేతికి రాని విద్య ఉందా? విరబూసిన కుండీతో పాటు దుంప కాచే పద్ధతి కూడా చెప్పి అమ్మితే చాలు. హైదరాబాదు మిద్దెతోటల వాళ్లు గింజలు పంచుకుంటున్నారు, తీగలు పంచుకుంటున్నారు. డాలియా కటింగులు పంచుకోలేరా? ఎవరో ఒకరు నాలుగు వేసవులు దుంపను దాటించకపోతే ఆ అలవాటు ఎక్కడి నుంచి వస్తుంది?

వదిన: నేను లోటు అలవాటులో మాత్రమే ఉందని అనలేదు. హైదరాబాదుకు, అరకుకు, చలి పడే ఊళ్లకు నీ మాట నిలబడుతుంది. అక్కడ దుంప కాచే ఓపిక ఉన్నవాళ్లు పెంచనీ, ఒంటివరసవి కూడా పెంచనీ. గోదావరి పక్కన, కృష్ణ పక్కన పెరడున్నవాళ్లకు మాత్రం నేను ముందు కనకాంబరం నారే ఇస్తాను. కుండీ పెట్టుకోవడానికి ఒక్క చోటే ఉన్న ఇంట్లో, ప్రతి ఏడూ చావుబతుకుల్లో ఉండే మొక్క కోసం ఆ చోటు ఇవ్వమని చెప్పడానికి నాకు మనసు రాదు. ఆ ఇల్లాలికి ఏటా పూలు కావాలి, ఏటా పరీక్ష కాదు.

మరదలు: ఆ ఒక్క చోటు ఉన్న ఇల్లాలికే నేను కూడా చెబుతున్నాను వదినా. ఆమెకు తప్పకుండా పూసే పువ్వే దక్కాలని మనం ముందే తేల్చేస్తే, కష్టపడి దక్కించుకునే పువ్వు ఎప్పటికీ పెద్ద తోటలున్నవాళ్లదే అవుతుంది. వేసవి సంగతి, పోయే దుంపల సంగతి మీరన్నట్టే ఉన్నదున్నట్టు చెబుదాం. చెప్పాక కూడా కావాలంటే, వద్దనే హక్కు మనకు లేదు.

వదిన: వద్దనను. కానీ అడిగితే, ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా దాన్ని ఎక్కడ పెడతావమ్మా అనే మొదట అడుగుతాను. దానికి జవాబు ఉన్నవాళ్లకే దుంప ఇస్తాను.

మరదలు: నేను ముందు దుంప చేతిలో పెడతాను. చేతిలో ఉంటేనే ఆ జవాబు వెతుక్కుంటారు.